ఇంద్రుడు ఆర్పలేని మంట

అడవిలో రేగిన మంటని ఆకాశం మీంచి ఆర్పాలని మొట్టమొదట ప్రయత్నం చేసిందెవరు? ఈ కాలం పిల్లల్ని అడిగితే అమెరికావాడనో, రష్యావాడనో చెబుతారు. భారతం చదువుకున్న మన పెద్దవాళ్ళని అడిగితే తడుముకోకుండా చెప్పేస్తారు, దేవేంద్రుడని.

ఖాండవదహనం కథ మనకి కొత్తది కాదు. శ్వేతకి మహారాజు ఏళ్ళ తరబడి చేసిన యాగంలో నెయ్యి తాగీ తాగీ అగ్నిదేవుడికి అజీర్తి పట్టుకుంది. ఖాండవవనాన్ని ఆరగిస్తే గాని ఆ జబ్బు కుదరదన్నారు. ఆ వనంలోనేమో ఇంద్రుడి స్నేహితుడు తక్షకుడు కాపురం ఉన్నాడు. అంచేత కృష్ణార్జునుల అండ చూసుకుని అగ్ని అడవిని అంటించగానే, ఇంద్రుడు మేఘాలన్నిటినీ తోలుకొచ్చి కుండపోతగా కురిపించాడు. ఏమైంది? ఆ వేడికి చినుకులు నేలకి దిగకుండానే ఆకాశంలోనే ఆవిరైపోయాయి. ఇంకా గట్టిగా కురిపిస్తే అర్జునుడు బాణాలతో పందిరి వేసి అడ్డుకున్నాడు. దేవతలకి రాజు, చెప్పినమాట వినే మేఘాలు, కావలసినన్ని నీళ్ళు... ఇన్ని ఉండీ అడవి బూడిదైపోయింది.

అయితే అదే కథలో అంతకుముందు జరిగిన ముచ్చట ఒకటుంది. మనం దాన్ని చూసీచూడనట్టు దాటేస్తాం. కృష్ణార్జునుల దగ్గరికి రాకముందే అగ్ని ఆ అడవిని ఏడుసార్లు ముట్టించాడట. ఏడుసార్లూ ఆరిపోయింది. ఆర్పినవాళ్ళెవరనుకున్నారు? ఆ అడవిలో ఉండే ఏనుగులు! తొండాలతో నీళ్ళు మోసుకొచ్చి పోశాయి. వాటితోపాటు పాములూ తలా ఒక చెయ్యి... పాములకి చేతులెక్కడివి గాని, తలా ఇంత సాయం పట్టాయి.

ఈ రెండు సంగతులూ కాస్త గుర్తుపెట్టుకోండి. మేఘాలున్న ఇంద్రుడు ఓడిపోయాడు. నేలమీద తిరిగే ఏనుగులు ఏడుసార్లు నెగ్గాయి. వెయ్యేళ్ళ కిందట మన నన్నయగారు తెలుగులో చెప్పిన ఆ కథ, 20వ శతాబ్దంలో విమానాలు ఎక్కినవాళ్ళకి అక్షరాలా అనుభవంలోకి వచ్చింది. ఆ ఓడడాలూ నెగ్గడాలే ఇవాళ మీతో చెప్పబోతున్నాను.

*

అమెరికా పడమటి కొండల్లో ఇడాహో, మోంటానా అని రెండు రాష్ట్రాలున్నాయి. కనుచూపు ఆనినంత మేరా అడవి. 1910 ఆగస్టులో ఆ అడవుల్లో అక్కడక్కడా రాజుకుంటున్న చిన్న చిన్న మంటలన్నీ, ఒక పెనుగాలి వీచేసరికి ఏకమైపోయాయి. రెండంటే రెండు రోజుల్లో 30 లక్షల ఎకరాలు తగలబడిపోయింది. ఎనభైమందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మంటలార్పడానికి కూలికి వచ్చిన మనుషులే.

ఎడ్ పులాస్కీ అనే అటవీ ఉద్యోగి తన కింద పనిచేస్తున్న నలభై అయిదుగురు మనుషుల్ని ఒక పాత గని సొరంగంలోకి తోలుకుపోయాడు. లోపల పొగ, ఊపిరాడని వేడి. ప్రాణభయంతో బయటికి పరిగెత్తబోయినవాళ్ళకి పిస్తోలు చూపించి, అడుగు బయటపెడితే కాల్చేస్తానన్నాడు. ఆ గద్దింపువల్లే నలభైమంది దాకా బతికి బయటపడ్డారు. ఒకవైపు గొడ్డలి, ఒకవైపు పార ఉండే పనిముట్టు ఒకటి ఈయన పేరుమీదే వాడుకలో ఉంది. ఇప్పటికీ అక్కడ అడవి మంటలార్పే ప్రతి మనిషి చేతిలోనూ 'పులాస్కీ' ఉంటుంది.

ఆ పనిముట్టుతో చేసేదేమిటంటే, మంట మీద నీళ్ళు పొయ్యడం కాదు. మంట వచ్చే దారిలో చెట్టూ చేమా కొట్టేసి, ఆకూ అలమూ గీకేసి, అడుగున ఉత్త మట్టి కనబడేదాకా ఒక బాట చెక్కడం. తినడానికేమీ దొరక్కపోతే అగ్నిదేవుడు అక్కడ ఆగిపోతాడు. ఇది అనాదిగా ఉన్న పద్ధతే. చిక్కెక్కడంటే, మంట పుట్టిన సంగతి తెలిసి, కొండలెక్కి, గుట్టలు దిగి మనుషులు అక్కడికి చేరుకునేసరికి రెండు రోజులో మూడు రోజులో పట్టేది. ఈలోగా చుట్టముక్క అంత నిప్పు చితిమంటంత అయి కూచునేది.

అంచేత మొట్టమొదట విమానాన్ని అడిగిన సాయం నీళ్ళు కాదు, కళ్ళు. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయింది. సైన్యం దగ్గర విమానాలున్నాయి, వాటికి పని లేదు. 1919 వేసవిలో కాలిఫోర్నియా అడవుల మీద సైన్యం విమానాలు కాపలా తిరగడం మొదలుపెట్టాయి. పొగ కనబడితే కబురు పంపాలి. ఎలా పంపడం? విమానం దింపి టెలిఫోను వెతుక్కోవడం, చీటీ రాసి పైనుంచి పడెయ్యడం, అదీ కాకపోతే వెంట తీసుకెళ్ళిన పావురాన్ని వదలడం! హంసరాయబారం, మేఘసందేశం చదువుకున్న మనకి ఈ పావురం సంగతి వింటే నవ్వు రాకమానదు గాని, ఆ పావురమే చాలా ఎకరాల అడవిని కాపాడిందంటే కాదనలేం.

కళ్ళయ్యాయి. ఇక నీళ్ళో? పైకెగిరినవాడికి కింద మంట కనబడుతుంటే చేతులు ఊరుకుంటాయా? 1930లో ఒక విమానంలోంచి బీరు పీపా నిండా నీళ్ళు పోసి కిందికి తోసి చూశారట. పీపా పగిలింది గాని, మంట మటుకు చెక్కుచెదరలేదు. రెండో యుద్ధం అయ్యాక, 1947లో మోంటానాలో సైన్యమూ అటవీశాఖా కలిసి, బాంబులు వేసే విమానాల నించే నీళ్ళు నింపిన ట్యాంకుల్ని బాంబుల్లా వేసి చూశారు. గురి కుదిరితే మంట కొంత తగ్గిన మాట నిజమే. కాని మంట పక్కనే మనుషులు పనిచేస్తుంటారు కదా! అంతంత ఇనప ట్యాంకు నెత్తిమీద పడితే అగ్నిహోత్రుడికన్నా ముందు ఆ మనిషే ఆరిపోతాడు. ఆ ప్రయత్నమూ అటకెక్కింది.

*

నీళ్ళు దింపడం కుదరనప్పుడు మనుషుల్నే దింపితే? రష్యాలో 1930ల లోనే పారాచూట్లతో మనుషుల్ని అడవి మంటల దగ్గరికి దింపారు. అమెరికాలో 1940 జులై 12న రూఫస్ రాబిన్సన్, ఎర్ల్ కూలీ అనే ఇద్దరు ఇడాహో అడవిలో మంట దగ్గరికి దూకారు. కూలీకి పాపం గొడుగు తాళ్ళు మెలిపడిపోయి, పోయి పోయి ఒక మహావృక్షం కొమ్మల్లో చిక్కుకున్నాడు. దెబ్బ తగల్లేదు. దిగొచ్చి మంట ఆర్పాడు. మూడు రోజుల నడక మూడు నిమిషాల్లోకి దిగిపోయింది. వాళ్ళకి 'స్మోక్ జంపర్లు' అని పేరొచ్చింది. పొగలోకి దూకేవాళ్ళన్నమాట.

నలభై ఏళ్ళపాటు ఇది మగవాళ్ళ పనే అనుకున్నారు. 1979లో డీయాన్ షుల్మన్ అనే అమ్మాయి శిక్షణకి వెళితే, ఉండవలసిన బరువుకి అయిదు పౌన్లు తక్కువుందని ఇంటికి పంపేశారు. మామూలుగా ఆడపిల్లకి బరువెక్కువైందని కదా పేరుపెడతారు! ఆవిడ ఊరుకోలేదు. ఫిర్యాదు పెట్టి, పట్టువదలకుండా పోరాడి 1981లో మళ్ళీ వెళ్ళి, శిక్షణ పూర్తిచేసి, మొదటి స్త్రీ స్మోక్ జంపర్ అయింది.

ఇంత బాగా నడుస్తున్న ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. విమానం మనిషిని మంట దగ్గరికి తీసుకెళ్ళగలదు. తిరిగి తీసుకురాలేదు. 1949 ఆగస్టు 5 సాయంత్రం మోంటానాలోని మాన్ గల్చ్ అనే లోయలో పదిహేనుమంది కుర్రాళ్ళు దూకారు. ఒక చిన్న మంట, తెల్లారేలోగా ఆర్పేద్దామనుకున్నారు. రేడియోకి కట్టిన గొడుగు విచ్చుకోక, రేడియో నేలకి కొట్టుకుని ముక్కలైపోయింది. అంటే పైవాళ్ళతో మాటాడే దారి లేదు. ఉన్నట్టుండి మంట లోయ దాటి గడ్డిలోకి ఎగబాకి వాళ్ళని తరుముకొచ్చింది. పైకి నిట్రగా ఉన్న గట్టు, కింద నిప్పు.

వాళ్ళ నాయకుడు వాగ్నర్ డాడ్జ్ పరిగెత్తడం మానేసి అగ్గిపుల్ల గీశాడు! తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టి, అది కాలిపోయాక ఆ వేడి బూడిదలో బోర్లా పడుకున్నాడు. ఒకసారి కాలినచోట మళ్ళీ కాలడానికేముంటుంది? "రండి, ఇందులోకి రండి" అని కుర్రాళ్ళని పిలిచాడు. ఒక్కడు వినలేదు. తరుముతున్న మంట చాలక ఇంకో మంట పెట్టాడేమిటి, మతిపోయిందేమో అనుకునుంటారు. పన్నెండుమంది కుర్రాళ్ళూ, అంతకుముందే అక్కడ మంటతో తంటాలు పడుతున్న అటవీ గార్డు ఒకడూ, మొత్తం పదమూడుగురు పోయారు. డాడ్జ్ బూడిద దులుపుకుని లేచాడు. ఇంకో ఇద్దరు ఎలాగో గట్టెక్కి బతికారు.

ఆ తల్లుల సంగతి తలుచుకుంటే ఎన్నేళ్ళయినా మనసు కలుక్కుమంటుంది. యుద్ధం ముగిసి, పిల్లలు క్షేమంగా ఉన్నారని అప్పుడప్పుడే గుండెమీద చెయ్యి వేసుకున్నవాళ్ళు.

*

ఇప్పుడు కాలిఫోర్నియా వెళదాం. 1953 జులైలో మెండొసీనో అనే అడవిలో ఒకడు కావాలని నిప్పు పెట్టాడు. ఎందుకో తెలుసా? మంటలార్పే మనుషులకి వంట చెయ్యడానికి వంటవాణ్ణి పెట్టుకుంటారు, ఆ పని తనకి దొరుకుతుందని! ఆ రాత్రి ఒక చిన్న మంట ఆర్పేసి, అమ్మయ్య అనుకుని లోయలో భోజనాలకి కూచున్నారు పనివాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది ఒక క్రైస్తవ మిషన్ నుంచి సాయానికి వచ్చిన యువకులు. గాలి తిరిగింది. పదిహేనుమంది తిరిగి రాలేదు. ఒకడి పూట కూటి పని కోసం పదిహేను ఇళ్ళల్లో దీపాలు ఆరిపోయాయి.

ఆ అడవికి మంటల అధికారిగా జో ఈలీ అనే ఆయన ఉండేవాడు. మళ్ళీ అలాంటి కబురు ఏ ఇంటికీ పంపకూడదన్నదే ఆయన తపన. ఆ అడవికి దిగువనే విల్లోస్ అనే చిన్న ఊరుంది. అది వరి పండే సీమ. మన గోదావరి జిల్లాల్లో ఆకుమడి పోసి, నారు తీసి, ఊడ్పులు ఊడుస్తాం. అక్కడ అంత కూలి దొరకదు. అంచేత నీళ్ళు పెట్టిన చేలమీద నానబెట్టిన వడ్లని విమానంలోంచి వెదజల్లుతారు. ఆ పద్ధతికి ఆద్యుల్లో ఒకడని చెప్పుకునే ఫ్లాయిడ్ నోల్టాది ఆ ఊరే. యుద్ధకాలంలో కుర్రాళ్ళకి విమానం నేర్పడానికి వాడిన స్టియర్‌మన్ అనే రెండంతస్తుల రెక్కల విమానాలు, యుద్ధం కాగానే చవగ్గా అమ్ముడుపోయాయి. నోల్టాలాంటివాళ్ళు వాటిని కొనుక్కుని, ముందు సీటు పీకేసి, తొట్టి పెట్టి విత్తనాలూ పురుగుమందులూ చల్లుకుంటున్నారు.

1955లో ఈలీ ఆయన దగ్గరికెళ్ళి, వడ్లు చల్లినట్టు మంటమీద నీళ్ళు చల్లగలవా అనడిగాడు. ఓ వారం ఆగి రమ్మన్నాడు నోల్టా. ఆ వారంలో ఆయన చేసిందల్లా, విమానం అడుగున కన్నం కోసి, దానికో తలుపు బిగించి, తలుపుకో తాడు కట్టడం. ఈలీ మళ్ళీ వచ్చేసరికి విమానాల మైదానం పక్కన ఎండుగడ్డికి నిప్పు పెట్టారు. వాన్స్ నోల్టా విమానం నడుపుతూ వచ్చి తాడు లాగాడు. మంట ఆరిపోయింది. ఆ ఆగస్టులోనే మెండొసీనో అడవిలో అసలైన మంటమీద అదే విమానం నీళ్ళు పోసింది. మరుసటేడు ఏడు విమానాలతో ఒక దళమే తయారైంది.

పాతికేళ్ళుగా పీపాలూ, బాంబులూ వేసి చూసినా కుదరని పని, ఒక ఊళ్ళో వరి చల్లుకునే మనిషి చేతిలో వారంరోజుల్లో కుదిరింది. ఏమిటి కారణం? నా మటుకు నాకు తోచేది ఇది. బాంబు వేసేవాడికి ఎత్తునుంచి ఒకచోట పడెయ్యడమే తెలుసు. చేలో వడ్లు చల్లేవాడికి నేలకి దగ్గరగా, గాలివాటు చూసుకుని, పరచుకునేటట్టు చల్లడం తెలుసు. మంటకి కావలసింది ఆ రెండో విద్య.

ఆ విమానం మోసిందెన్ని నీళ్ళనుకున్నారు? 640 లీటర్లు. మన ఇంట్లో బిందెకి పదిహేను లీటర్లు పడతాయనుకుంటే, నలభై బిందెల పైచిలుకు. పెళ్ళివారింట్లో ఒకపూట వంటకి చాలని నీళ్ళు! ఆ నీళ్ళతో అడవి మంట ఆరుతుందా అంటే, ఆరదు. ఇక్కడే ఉంది అసలు కిటుకు. ఆ నీళ్ళు పడ్డచోట మంట కాసేపు తల వంచుతుంది. ఆ కాసేపట్లో కిందున్న మనుషులు పులాస్కీలు పట్టుకుని దగ్గరికెళ్ళి బాట చెక్కెయ్యాలి. పాలు పొంగుతున్నప్పుడు చేత్తో ఇన్ని నీళ్ళు చిలకరిస్తాం. పొంగు దిగుతుంది. ఆ క్షణంలో గిన్నె దింపకపోతే మళ్ళీ పొంగుతాయి కదా! విమానం చేసేది ఆ చిలకరింపే. గిన్నె దింపవలసింది నేలమీది మనిషి.

*

పొంగు కాస్త ఎక్కువసేపు ఆగాలంటే ఉత్త నీళ్ళు చాలవు. పైనుంచి పడేటప్పుడు కొన్ని చెదిరిపోతాయి, కొన్ని ఇంద్రుడి వానలా ఆవిరైపోతాయి. అందుకని నీళ్ళలో ఏదో ఒకటి కలిపి చూశారు. మొదట కలిపింది బోరేటు, అంటే మనం కారంబోర్డు మీద జల్లుకునే బోరిక్ పొడికి దగ్గర చుట్టం. మంటని ఆపింది గాని, అది పడ్డ నేలలో ఆ తరువాత గడ్డి మొలవలేదు. అడవిని కాపాడబోయి అడవికి గొడ్డుపోత తెచ్చినట్టయింది. అది మానేసి బంకమట్టి కలిపారు. చివరికి కుదిరినవేమిటంటే, అమోనియం ఫాస్ఫేటు జాతి ఉప్పులు. ఆ పేరు కొత్తగా ఉంటే మీ ఊళ్ళో రైతునడగండి. పొలానికి వేసే డి.ఎ.పి. ఆ కుటుంబంలోదే! అది పట్టిన ఆకూ పుల్లా నీరు ఆరిపోయాక కూడా భగ్గుమని మండవు, బొగ్గుబారి ఊరుకుంటాయి.

టీవీలో చూసే ఉంటారు, విమానం తోకకింద నించి ఎర్రటి తెర జారుతూ ఉంటుంది. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడు. అంటే మన గడపలకీ, ముగ్గుల పక్కనా రాసుకునే జేగురులో ఉండేదే. రంగెందుకంటే, ముందు విమానం ఎక్కడిదాకా పోసిందో వెనక విమానం వాడికి తెలియాలి. దాన్ని చాలామంది మంటమీద పోస్తారనుకుంటారు. కాదు. మంట రాబోయే దారికి అడ్డంగా గీత గీస్తారు. లక్ష్మణరేఖ అనుకోండి. లక్ష్మణరేఖకి ఏం జరిగిందో మనకి తెలుసు. కాపలా లేని గీత ఎంత మహిమగలదైనా ఎంతోసేపు నిలవదు. నేలమీద మనుషులు లేకపోతే మంట దాన్ని చుట్టుకునో, నిప్పురవ్వలు ఎగిరి దాటేసో వెళ్ళిపోతుంది.

ఎత్తు సంగతీ అంతే. 150 నుంచి 250 అడుగుల ఎత్తులో పోస్తేనే ఫలితం. ఎక్కువైతే చెదిరిపోతుంది. తక్కువైతే టన్నులకొద్దీ బరువు ఒక్కచోట పడి చెట్లు విరుగుతాయి, కింద మనుషులకి ప్రమాదం. ఏటిలో పడితే చేపలు చస్తాయి కనుక అమెరికాలో ఏళ్ళకీ చెరువులకీ 300 అడుగుల దూరం పాటిస్తారు. చూశారా, పోసే చేతికి ఎన్ని లెక్కలో!

*

తరువాత తరువాత బిందెల లెక్క పెరిగిపోయింది. కెనడావాళ్ళకి చెరువులు ఎక్కువ. ఆగి నీళ్ళు నింపుకోవడం ఎందుకని, నీటిమీద రాసుకుంటూ పోతూనే కడుపు నింపుకునే విమానం చేశారు. 1967లో మొదట ఎగిరిన ఆ కెనడేర్ విమానం జాతిలో తరువాత వచ్చినది పన్నెండు సెకండ్లలో 6,000 లీటర్ల పైన తోడుకుంటుంది. నాలుగువందల బిందెలు! మనం ఒక బిందె చేదుకునేలోపల. బ్రిటిష్ కొలంబియాలో మార్స్ అనే మహాకాయం ఉండేది. అది మోసేది 27,000 లీటర్లు, పద్ధెనిమిది వందల బిందెలు. ఏళ్ళ తరబడి సేవ చేసి, చివరికి మ్యూజియం చేరింది. 2006 నుంచి కాలిఫోర్నియా మంటల మీద తిరుగుతున్న డి.సి.-10 అనే జెట్ విమానం ఇంకా ఎక్కువ మోస్తుంది.

హెలికాప్టరుకైతే ఎంచక్కా చేంతాడూ చేదా తయారు చేశారు. 1980ల మొదట్లో డాన్ ఆర్నీ అనే కెనడా ఆయన మడత పెట్టుకోగల బకెట్టు ఒకటి తయారుచేశాడు. బాంబీ బకెట్ అంటారు దాన్ని. హెలికాప్టరు కింద వేలాడదీసి, చెరువులో ముంచి, తీసుకెళ్ళి మంటమీద వదలడమే. నూతిగట్టు మీద మన ముత్తవ్వలు చేసిన పనే, కాకపోతే గిలక ఆకాశంలో ఉంది.

బిందెలు పెరిగినకొద్దీ మూల్యమూ పెరిగింది. 2002 వేసవిలో కాలిఫోర్నియాలో ఒక ట్యాంకర్ విమానం మందు వదులుతుండగానే రెండు రెక్కలూ విరిగిపోయి ముగ్గురు పోయారు. నెల తిరిగిందో లేదో కొలరాడోలో మరొకటి విరిగి ఇద్దరు. రెండూ సైన్యం వాడి వదిలేసిన పాత విమానాలే. 2004లో అమెరికా అటవీశాఖ అలాంటి పెద్ద విమానాలు 33 ఒక్క కలంపోటుతో పక్కన పెట్టేసింది. 2020లో ఆస్ట్రేలియాలో ముగ్గురు, 2023లో గ్రీసులో ఇద్దరు ఇదే పనిలో ప్రాణాలు వదిలారు. పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళూ మనుషులేనని మంట చూసే కంగారులో మరిచిపోతాం.

ఇక 2025 జనవరి. లాస్ ఏంజిల్స్ కొండలు అంటుకున్నాయి. కాలిఫోర్నియాలో పిల్లలున్న మన తెలుగు తల్లులు ఆ వారం టీవీల ముందునుంచి కదల్లేదు, ఫోన్లు వదల్లేదు. ప్రపంచంలోకెల్లా గొప్ప విమానాలూ హెలికాప్టర్లూ ఉన్న చోటు అది. జనవరి 7 రాత్రి ఏమైంది? తుఫానుగాలికి విమానాలు ఎగరలేకపోయాయి. ఎగిరినా పోసినది గాలికి కొట్టుకుపోయేది. విమానం ఎంత పెద్దదైనా గాలి ఒప్పుకుంటేనే దాని పని. రెండు రోజులకి గాలి కాస్త తగ్గి, కెనడా నుంచి వచ్చిన నీళ్ళ విమానం ఒకటి పని చేస్తుంటే, ఎవరో తమాషాకి ఎగరేసిన డ్రోను వచ్చి తగిలి దాని రెక్కకి చిల్లు పెట్టింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే ఇంకొకడు చుట్టకి నిప్పడిగాడన్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

*

మన సంగతికి వద్దాం. 2014 మార్చిలో శేషాచలం అడవులు అంటుకుని తిరుమల కొండ చుట్టూ పొగ కమ్మేసినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు బకెట్లు కట్టుకుని వచ్చాయి. కొండమీదికి కాలినడకన వెళ్ళే భక్తుల కోసం ఎన్ని ఇళ్ళల్లో ఎందరు కంగారుపడ్డారో! 2024 ఏప్రిల్‌లో నైనిటాల్ అడవులకి భీమతాల్ చెరువు నీళ్ళు ఇలాగే మోశాయి. ఆ దృశ్యం పత్రికల్లో పడింది, అందరం చూశాం, చప్పట్లు కొట్టాం. మంచిదే.

కాని శేషాచలంలోనైనా, నల్లమలలోనైనా మంటని దగ్గరినించి కొట్టి ఆర్పేది ఎవరు? పచ్చికొమ్మ విరిచి పట్టుకున్న అటవీశాఖ వాచరు. మన అడవుల్లో మంట ఎక్కువగా చెట్ల కొసలకి ఎక్కదు. రాలిన ఆకులమీద నేలబారుగా పాకుతుంది. దానికి కొమ్మా, పారా, సమయానికి చేరే మనిషీ చాలు. వేసవి రాకముందే అడవిలో ఆకూ అలమూ ఊడ్చి మంట దాటకుండా 'ఫైర్ లైన్లు' తియ్యాలి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం ఎలాగూ కుదరదు. ఆ బావి చలికాలంలోనే తవ్వే పని ఇది. తునికాకు చిగురు బాగా వస్తుందనో, ఇప్పపువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉంటుందనో ముట్టించిన నిప్పు చెయ్యి జారిపోకుండా, ఆ ఊళ్ళవాళ్ళతోనే మాటాడి ఒప్పించాలి. ఏ చెలమలో నీళ్ళుంటాయో, ఏ డొంక ఎటు పోతుందో తెలిసిన చెంచులాంటి అడవిబిడ్డలకి ఈ పనిలో పీట వెయ్యాలి. వీటిలో ఒక్కటీ పత్రికలో ఫొటో పడేది కాదు. ఆ వాచరు కూలి నెలనెలా అందిందా, కాళ్ళకి సరైన జోళ్ళున్నాయా అని అడిగేవాళ్ళు తక్కువ.

వందేళ్ళ పైబడిన ఈ చరిత్ర అంతా చదివాక నాకు మళ్ళీ ఖాండవవనమే గుర్తుకొచ్చింది. ఇంద్రుడి తప్పేమిటి? నీళ్ళు చాలక ఓడిపోలేదు. స్నేహితుడిమీద ప్రేమ లేకా కాదు. ఆయన ఆలస్యంగా వచ్చాడు. అగ్ని ఏడుసార్లు ముట్టించినప్పుడు, ఏనుగులు చెరువుకీ మంటకీ మధ్య తొండాలతో నీళ్ళు మోసుకుంటూ తిరుగుతున్నప్పుడు, ఆయన కనబడలేదు. అప్పుడు నాలుగు చినుకులు రాల్చివుంటే వాటికి ఎంత ఊపిరి తిరిగేదో! ఎనిమిదోసారి, మంట కొండంత అయ్యాక, పక్కన అర్జునుడి గాండీవం కూడా చేరాక, ఆకాశమంతా మేఘాలు పరిచి లాభమేమిటి?

ఆకాశంలో విమానం కనబడితే తలెత్తి చూస్తాం. ఆ చూపు ఒక్కసారి నేలమీదికి కూడా దించితే, అక్కడ పొగలో ఎవరో కొమ్మ పట్టుకుని నిలబడి ఉంటారు.